షోరూమ్ చివరి మజిలీ కావాలి: ఇంటీరియర్ మెటీరియల్ చదువులో క్షేత్ర పర్యటనలపై ఒక సమీక్ష

ఇంటీరియర్ డిజైన్ చదివే అమ్మాయిని ప్లైవుడ్ రకాలు చెప్పమంటే తడుముకోకుండా చెబుతుంది: ఎంఆర్, బీడబ్ల్యూఆర్, మెరైన్. అదే అమ్మాయి చేతిలో ముద్రలు చెరిపేసిన మూడు ముక్కలు పెట్టి, వంటింట్లో సింకు కింద వీటిలో ఏది వాడతావని అడిగితే ఆగిపోతుంది. ఇందులో ఆమె లోపం ఏమీ లేదు. మెటీరియల్‌ను మన తరగతి గదులు పేర్లుగా, ప్రమాణాల అంకెలుగా, కేటలాగు రంగులుగా నేర్పుతున్నాయి. దాని బరువు, వాసన, కోసేటప్పుడు వచ్చే చప్పుడు, నీళ్లు తగిలితే మారే తీరు సిలబస్‌లోకి రావడం లేదు. రేపు ఆమె గీసిన డ్రాయింగును నమ్మి ఒక కుటుంబం లక్షలు పోసి వంటిల్లు చేయించుకుంటుంది. రెండు వానాకాలాలు తిరిగేసరికి సింకు కింది పలక బూరెలా పొంగితే ఆ నష్టం మోసేది ఆ కుటుంబమే.

ఈ లోటు పూడ్చడానికి కాలేజీలు ఎంచుకున్న దారి క్షేత్ర పర్యటన. బస్సు మాట్లాడుకుని ఒక టైల్స్ షోరూమో, లామినేట్ల ఎగ్జిబిషనో చూసి, ఫొటోలు దిగి, రిపోర్టు రాసి మార్కులు వేయించుకోవడం చాలాచోట్ల నడుస్తున్న పద్ధతి. పర్యటన మంచిదేనని అందరూ ఒప్పుకుంటారు. ఎక్కడికి, ఏ వరుసలో, చేతులతో ఏం చేయడానికి వెళ్లాలన్న దగ్గరే ఆలోచన ఆగిపోతోంది. ఈ వ్యాసం చెప్పదలచుకున్నది ఆ వరుస గురించే. మెటీరియల్ పాడైన చోటికి ముందు వెళ్లాలి. తర్వాత దాన్ని కోసి అతికించే చోటికి, ఆపై అది పుట్టే చోటికి, అన్నిటికన్నా చివర అమ్మే చోటికి వెళ్లాలి. ఇప్పుడు మనం చేస్తున్నది దాదాపు దీనికి తలకిందులు.

చర్చ గాల్లో తేలిపోకుండా ఒక ఊరి దగ్గర నిలబడి మాట్లాడుకుందాం. లాల్‌గడి మలక్‌పేట్ మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో శామీర్‌పేట దగ్గరి ఊరు. హైదరాబాద్ నుంచి కరీంనగర్ వెళ్లే రాజీవ్ రహదారి, 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు దీనికి అందుబాటులో ఉన్నాయి. తుర్కపల్లి వైపు జీనోమ్ వ్యాలీ ప్రయోగశాలలు, నగరం వైపు జీడిమెట్ల, బాలానగర్ పారిశ్రామిక వాడలు. ఈ పట్టీలోని పల్లెల్లో పాత పెంకుటిళ్లు ఇంకా మిగిలి ఉన్నాయి, పొలాల్లో కొత్త విల్లాలు లేస్తున్నాయి. ఇంటి లోపల వాడే సరుకు పుట్టుక, వాడకం, చావు మూడూ ఒక పగటి ప్రయాణంలో చూడగల ప్రాంతాలు ఎక్కువ ఉండవు. ఇది అలాంటి ప్రాంతం.

చేతి చదువు ఎక్కడి నుంచి వచ్చింది

చేతితో నేర్చుకోవడం మనకు కొత్త కాదు. వడ్రంగి ఇంట్లో పిల్లవాడు రంపపు పొట్టులోనే పెరిగి, చిత్రిక పట్టడం, మూలమట్టం చూడటం, కర్ర పొర ఎటు నడుస్తుందో వేలితో తెలుసుకోవడం నేర్చుకున్నాడు. ఆ చదువు లోతైనది. కానీ దాని తలుపులు కులానికి, మగపిల్లలకు మాత్రమే తెరుచుకున్నాయి. ఆడపిల్ల చేతికి ఉలి ఇచ్చిన ఇల్లు అరుదు. కాలేజీలు ఆ తలుపు అందరికీ తెరిచాయి. ఇది చిన్న విజయం కాదు. అయితే తెరిచే తొందరలో ఉలిని బయటే వదిలేశాయి. ఇప్పుడు దాన్ని లోపలికి తెచ్చుకోవాలి.

ప్రపంచంలో ఈ ప్రయత్నం ముందే జరిగింది. 1919లో జర్మనీలోని వైమార్‌లో మొదలైన బౌహౌస్ పాఠశాల విద్యార్థులను డిజైన్‌లోకి నేరుగా దించలేదు. యోహానెస్ ఇట్టెన్ నడిపిన ప్రాథమిక కోర్సులో కర్ర, గుడ్డ, లోహం, రాయి తడిమి, గీసి, పోల్చి చూడటమే పాఠం. 1923 నుంచి అక్కడ బోధించిన యోసెఫ్ ఆల్బర్స్ విద్యార్థుల చేతికి ఒట్టి కాగితం ఇచ్చి, అది ఎంత బరువు మోయగలదో మడతలతోనే తేల్చమనేవాడు. మన దేశంలో గాంధీజీ 1937లో వార్ధాలో ముందుకు తెచ్చిన నయీ తాలీమ్ చేతిపనినే చదువుకు ఇరుసుగా చేసుకుంది. చార్లెస్, రే ఈమ్స్ దంపతులు 1958లో ఇచ్చిన ఇండియా రిపోర్టు దారి చూపగా 1961లో అహ్మదాబాద్‌లో జాతీయ డిజైన్ సంస్థ ఏర్పడింది.

తెలుగు నేలపై ఈ చదువుకు ఇళ్లు తక్కువేమీ లేవు. హైదరాబాద్‌లో జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ నిఫ్ట్ 1995 నుంచి ఉంది. మాసబ్‌ట్యాంకులోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం 2008లో ఏర్పడింది. ఆంధ్రప్రదేశ్‌కు 2015లో సొంత జాతీయ డిజైన్ సంస్థ వచ్చింది. మరోవైపు తాపీ పని, ప్లంబింగ్, పెయింటింగ్ లాంటి పనుల్లో యువతకు శిక్షణ ఇచ్చే నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ హైదరాబాద్‌లో 1998 నుంచి నడుస్తోంది. గీసేవాళ్లు ఒక గేటు లోపల, కట్టేవాళ్లు ఇంకో గేటు లోపల చదువుతున్నారు. ఈ రెండు గేట్ల మధ్య దూరం తగ్గించడమే క్షేత్ర పర్యటన అసలు పని.

పరిశోధనలు ఏం చెబుతున్నాయి

పర్యటన వల్ల చదువు పెరుగుతుందా అన్న దాని మీద అర్ధ శతాబ్దంగా పరిశోధన జరుగుతోంది. అందులో మూడు ఫలితాలు మనకు నేరుగా పనికొస్తాయి. ఇవి ఇంటీరియర్ విద్యార్థుల మీద చేసినవి కావు, బడిపిల్లల మీద చేసినవి. అయినా వాటిలోని హెచ్చరికలు మనకూ వర్తిస్తాయి.

మొదటిది 1978లో అమెరికాలో జాన్ ఫాల్క్ బృందం చేసిన పని. బొత్తిగా తెలియని చోటికి తీసుకెళ్లిన పిల్లలు ఆ చోటును అర్థం చేసుకోవడంలోనే మునిగిపోయి, అప్పగించిన పాఠాన్ని తక్కువగా నేర్చుకున్నారు. రెండోది 1994లో ఇజ్రాయెల్‌లో ఓరియన్, హాఫ్‌స్టీన్ ప్రచురించిన అధ్యయనం. భూగర్భశాస్త్ర పర్యటనకు వెళ్లే విద్యార్థులకు ఎక్కడికి వెళ్తున్నారు, ఎంతసేపు ఉంటారు, ఏం చేస్తారు, ఏ రాళ్లు కనిపిస్తాయి అన్నది ముందే చెప్పి, చేత్తో తాకించి పంపితే నేర్చుకున్నది పెరిగింది. మూడోది 2014లో వచ్చింది. ఆర్కాన్సాస్‌లోని క్రిస్టల్ బ్రిడ్జెస్ కళా మ్యూజియానికి వెళ్లే అవకాశాన్ని లాటరీ పద్ధతిలో పంచి, దాదాపు 11 వేల మంది విద్యార్థులను పరిశీలిస్తే, వెళ్లొచ్చినవాళ్లు బొమ్మను చూసి ఆలోచించే తీరు మెరుగుపడింది. పల్లె ప్రాంతాల పిల్లల్లో ఆ మెరుగు ఇంకా ఎక్కువ.

మూడింటినీ కలిపి చదివితే తేలేది ఇది: పర్యటన ఫలిస్తుంది, కానీ బస్సెక్కితే చాలదు. ముందు సిద్ధం కావాలి, అక్కడ పని ఉండాలి. ఒక్కసారిగా పెద్ద ఫ్యాక్టరీలోకి తోలితే కళ్లు చెదరడమే మిగులుతుంది. దగ్గరి, తెలిసిన చోట మొదలుపెట్టి మెల్లగా దూరం పోవాలి. లాల్‌గడి మలక్‌పేట్‌లో ఆ మొదటి చోటు ఊరిలోని పాత ఇల్లే.

మొదటి మజిలీ: పాడైన చోటు

నలభై, యాభై ఏళ్లు వాడిన ఇంట్లో ప్రతి మెటీరియల్ తన గుణం రాసిపెట్టి ఉంటుంది. గడప ఎక్కడ అరిగింది, చెద ఏ కర్రను ముట్టలేదు, నాపరాతి నేల ఏ మూల కుంగింది, గోడ అడుగున ఉప్పు ఎందుకు ఊరుతోంది అని అడుగుతూ పోతే ఒక సెమిస్టర్ పాఠం ఒక్క ఇంట్లో దొరుకుతుంది. చలికాలం సులువుగా మూసుకున్న తలుపు శ్రావణంలో ఎందుకు బిగుస్తుందో ఇంటి ఇల్లాలికి తెలుసు. కర్ర గాలిలోని తేమను పీల్చి, పొరకు అడ్డంగా ఉబ్బుతుందని చెప్పే పుస్తకం ఆమె మాట తర్వాత తెరిస్తే బాగా ఎక్కుతుంది. పెంకు కింద, రేకు కింద, కాంక్రీటు స్లాబు కింద మిట్టమధ్యాహ్నం వేడి కొలిచే చిన్న థర్మామీటర్ ఒకటి చేతికిస్తే, తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం ఎందుకు తెచ్చిందో ఇంకొకరు వివరించనక్కర్లేదు.

సున్నం పాఠం కూడా ఇక్కడే మొదలవుతుంది. పాత గోడల్లోని గానుగ సున్నం, ఇసుక, బెల్లం, కరక్కాయ నీళ్ల మిశ్రమం నెలల తరబడి గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని మళ్లీ సున్నపురాయిగా గట్టిపడుతుంది. అది తేమను లోపలికి రానిచ్చి, బయటికి పోనిస్తుంది. దాని మీద సిమెంటు పూస్తే తేమ లోపలే చిక్కుకుని పెచ్చులు ఊడతాయి. ఈ సంగతిని పెద్ద ఎత్తున చూడాలంటే గోల్కొండ పక్కనున్న కుతుబ్‌షాహీ సమాధులకు వెళ్లాలి. 2013లో ఆగాఖాన్ ట్రస్ట్ ఫర్ కల్చర్, రాష్ట్ర పురావస్తు శాఖ కలిసి మొదలుపెట్టిన పునరుద్ధరణలో, ఇరవయ్యో శతాబ్దపు మరమ్మతుల్లో పూసిన సిమెంటును చెక్కి తీసేసి, పాత పద్ధతిలో సున్నం గచ్చు వేశారు. తప్పు మెటీరియల్ వాడితే దాన్ని దిద్దుకోవడానికి ఎంత శ్రమ పడుతుందో అక్కడ గోడలే చెబుతాయి.

ఈ మజిలీలో చివరి స్టాపు జీడిమెట్ల. 2020లో అక్కడ నిర్మాణ, కూల్చివేత వ్యర్థాలను తిరిగి వాడుకునేలా మార్చే ప్లాంటు మొదలైంది. ఇటుక, కాంక్రీటు మళ్లీ కంకరగా, ఇసుకగా మారడం చూస్తారు. ఆ తర్వాత అడగాల్సిన ప్రశ్న: మనం గీసే లామినేట్ అతికించిన ఎండీఎఫ్, పీవీసీ ప్యానెల్, జిప్సం బోర్డు ఏమవుతాయి? జిగురుతో ఒకటిగా అతికినవాటిని విడదీయడం కష్టం. స్క్రూలతో బిగించినవాటిని విప్పి మళ్లీ వాడొచ్చు. ఈ ఒక్క తేడా విద్యార్థి జాయింటు గీసే పద్ధతిని మారుస్తుంది.

రెండో మజిలీ: కోసే చోటు

కార్ఖానాలో నేర్చుకునేది కాగితం మీద దొరకదు. ఒక చిన్న ఉదాహరణ. ప్లైవుడ్ షీటు ఎనిమిది అడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. మిల్లీమీటర్లలో 2440, 1220. వంటింటి అల్మారా లోతు 610 అని విద్యార్థి గీస్తుంది. 1220లో సగం 610 కాబట్టి ఒక షీటుకు సరిగ్గా రెండు పట్టీలు వస్తాయని ఆమె లెక్క. కోత మేస్త్రీ ఆ డ్రాయింగు చూసి తల అడ్డంగా ఊపుతాడు. రంపం బ్లేడు దాదాపు మూడు మిల్లీమీటర్లు తినేస్తుంది. మిగిలేది ఒక్కో పట్టీకి 608. ఆ రెండు మిల్లీమీటర్ల కోసం ఒక షీటులో ఒక్క పట్టీయే తీసి, మిగతాది తుక్కులో పారేయాలి. లోతు 600 అని గీసి ఉంటే సగం షీట్లు మిగిలేవి. ఈ పాఠానికి ఆ కార్ఖానాలో పట్టేది పది నిమిషాలు. తరగతిలో చెబితే పరీక్ష అయ్యాక మరిచిపోతారు.

అక్కడి తుక్కులోంచే ప్రయోగశాల తయారవుతుంది. ఎంఆర్ ప్లైవుడ్, ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్, ఎండీఎఫ్, పార్టికల్ బోర్డు ముక్కలు తీసుకుని, అంచులు కొలిచి రాసుకుని, ఆరుబయట గిన్నెలో ఉడకబెట్టాలి. భారతీయ ప్రమాణం ప్రకారం మెరైన్ ప్లైవుడ్ 72 గంటలు మరిగే నీళ్లలో నిలవాలి. మనకు అంతసేపు అక్కర్లేదు. కొన్ని గంటల్లోనే పార్టికల్ బోర్డు విచ్చుకుని పొట్టుగా రాలుతుంది, ఎండీఎఫ్ లావెక్కుతుంది. ప్లైవుడ్ అంచున జిగురు గీతలు చూడమని మేస్త్రీలు చెబుతారు. ఫినాల్ జిగురు ముదురు గోధుమ రంగులో, యూరియా జిగురు లేతగా కనిపిస్తుంది. కానీ లేత జిగురుకు రంగు కలిపి అమ్మేవాళ్లూ ఉంటారు. అందుకే కన్ను చెప్పినదాన్ని నీళ్లతో రుజువు చేసుకోవాలి.

అద్దం పనిచేసే షెడ్డులో ఇంకో పాఠం. టఫెన్డ్ గ్లాసును 600 డిగ్రీలు దాటే వేడిలో కాల్చి, గాలి కొట్టి ఒక్కసారిగా చల్లారుస్తారు. ఆ తర్వాత దాన్ని కోయడం, బెజ్జం వేయడం కుదరదు. ప్రయత్నిస్తే మొత్తం పలక గులకరాళ్లలా చిట్లుతుంది. కాబట్టి గొళ్లెం, కీలు, హ్యాండిల్ ఎక్కడ రావాలో కొలిమికి వెళ్లకముందే తేలాలి. షవర్ తలుపు గీసే విద్యార్థికి కొలత ఖరారు చేయడం ఎంత బాధ్యతో అప్పుడు తెలుస్తుంది. ఫాల్స్ సీలింగు పనిలో పీఓపీ కలిపి అరచేతిలో పెట్టుకుంటే, గట్టిపడుతూ అది వెచ్చబడటం తెలుస్తుంది. పని ఎంత వేగంగా ముగించాలో ఆ వెచ్చదనమే చెబుతుంది.

ఇక జీనోమ్ వ్యాలీ. మందులు, టీకాలు తయారయ్యే గదుల్లోకి విద్యార్థులను రానివ్వడం కష్టమే. రానివ్వకూడదు కూడా. కానీ ఆ గదులకు నేల, గోడ, సీలింగు వేసే కాంట్రాక్టర్ల దగ్గర నమూనాలు ఉంటాయి. అక్కడ నేల ఎపాక్సీతో అతుకులేకుండా సాగి, గోడ అంచుకు వచ్చేసరికి వంపు తిరిగి పైకెక్కుతుంది. దుమ్ము నిలిచే మూల ఉండకూడదు. ఔషధ తయారీ నియమాల్లోని షెడ్యూల్ ఎం నునుపైన, పగుళ్లు లేని, శుభ్రం చేయడానికి వీలైన గోడలు, నేలలు ఉండాలంటుంది. ఇళ్లకు ఇవన్నీ అక్కర్లేదు. అయినా ప్రతి వస్తువును ఎవరు, దేనితో, ఎన్నిసార్లు తుడుస్తారన్న ప్రశ్న అక్కడ నేర్చుకుని ఇంటికి తెచ్చుకోవచ్చు. గాడులు గాడులుగా ఉన్న గోడ ప్యానెళ్లు అందంగా ఉంటాయి. వాటిని రోజూ తుడిచే మనిషిని డ్రాయింగులో ఎవరూ గీయరు.

మూడో మజిలీ: పుట్టే చోటు

శామీర్‌పేట చుట్టూ కనిపించే బండరాళ్లు దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్. రాజీవ్ రహదారి పట్టుకుని ఉత్తరానికి పోతే కరీంనగర్ క్వారీలు. అక్కడి టాన్ బ్రౌన్ రాయి ప్రపంచమంతా వంటింటి గట్టుల మీద ఉంది. పడమటి దిక్కున వికారాబాద్ జిల్లా తాండూరులో నీలి, పసుపు నాపరాళ్లు. ఆ పొరలే సరిహద్దు దాటి కర్ణాటకలోని షాహాబాద్ వైపు సాగుతాయి. నంద్యాల జిల్లా బేతంచెర్ల, కడప నల్లరాయి, ప్రకాశం జిల్లా చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ కలుపుకుంటే తెలుగు రాష్ట్రాలకు మించిన రాతి పాఠశాల ఇంకెక్కడుంది?

తాండూరు రాయి ముక్క, గ్రానైట్ ముక్క పక్కపక్కన పెట్టి, మేకుతో గీకి కొంచెం పొడి రేపి, రెండింటి మీదా నిమ్మకాయ పిండండి. గ్రానైట్ మీద రసం అలాగే నిలుస్తుంది. నాపరాయి మీద సన్నటి బుడగలు లేస్తాయి. పాలిష్ చేసిన చోట కాసేపు ఉంచి తుడిస్తే మెరుపు చచ్చిన మచ్చ మిగులుతుంది. నాపరాయిలోని కాల్షియం కార్బొనేట్‌ను పులుపు తినేస్తుంది. రోజూ చింతపండు పిసికే తెలుగు వంటింట్లో గట్టుకు గ్రానైట్ ఎందుకో, చల్లగా ఉండే వసారాకు నాపరాయి ఎందుకో ఆ రెండు చుక్కలు తేల్చేస్తాయి.

క్వారీలో ఇంకో సంగతి కళ్లబడుతుంది. డైమండ్ వైరుతో కోసి తీసిన దిమ్మల పక్కన, పగుళ్ల వల్ల, రంగు తేడా వల్ల పనికిరాదని పడేసిన రాతి గుట్టలు పడి ఉంటాయి. రంగు చుక్క తేడా లేకుండా ఒకే తీరుగా కావాలన్న గిరాకీలోంచే ఆ గుట్టల్లో చాలా భాగం పుట్టింది. మచ్చల్ని రాతి స్వభావంగా ఒప్పుకునే డిజైనర్లు పెరిగితే కొండ కొంత మిగులుతుంది.

చేతివృత్తుల ఊళ్ల గురించి ఇప్పటికే బోలెడు రాశారు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. పోచంపల్లిలో నేతకు ముందే నూలును కట్టి రంగులో ముంచుతారు. అందుకే ఇక్కత్ గుడ్డ తిరగేసినా అదే బొమ్మ కనిపిస్తుంది, అచ్చు వేసిన నకలు వెనక వెలిసిపోతుంది. కర్టెన్ గుడ్డ కొనే ప్రతి విద్యార్థికీ ఈ పరీక్ష తెలియాలి. వరంగల్ దరీలు, పెంబర్తి ఇత్తడి రేకు పని, ఏటికొప్పాక అంకుడు కర్ర మీద లక్క పూత, నిర్మల్, కొండపల్లి బొమ్మల తేలికైన పొనికి కర్ర కూడా మెటీరియల్ పాఠాలే. అక్కడికి వెళ్లి జ్ఞాపిక కొనుక్కుని రావడం చాలదు. ఆ కర్ర ఎక్కడి నుంచి వస్తోందో, చెట్లు మళ్లీ నాటుతున్నారో లేదో అడిగి రావాలి.

షోరూమ్ చెప్పని ఆరోగ్యం

ఆరోగ్యం ఒక్కటే కారణమైనా షోరూమ్‌ను చివరికి జరపడానికి సరిపోతుంది. క్వార్ట్జ్ అని అమ్ముతున్న కృత్రిమ రాయిలో 90 శాతం దాకా సిలికా ఉంటుంది. విశాఖ దగ్గర అచ్యుతాపురంలో, రంగారెడ్డి జిల్లా మేకగూడలో దీన్ని తయారుచేసే పెద్ద ప్లాంట్లు ఉన్నాయి. ఇంట్లో బిగించాక అది నిరపాయకరమే. నీళ్లు పోయకుండా పొడిగా కోసే చిన్న షెడ్డులో మాత్రం కంటికి కనిపించనంత సన్నటి ధూళి ఊపిరితిత్తుల్లోకి దిగి సిలికోసిస్ తెస్తుంది. దానికి మందు లేదు. ఈ జబ్బు కారణంగానే ఆస్ట్రేలియా 2024 జులై 1 నుంచి కృత్రిమ రాయిని నిషేధించింది. మన దగ్గర ఆ నిషేధం లేదు కాబట్టి, నీళ్లతో కోస్తున్నారా, మాస్కు ఉందా అని అడగాల్సిన బాధ్యత డిజైనర్ మీదే పడుతుంది.

బోర్డుల జిగురులోని ఫార్మాల్డిహైడ్‌ను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. కర్ర పొడి కూడా అదే వర్గంలో ఉంది. కొత్త అల్మారా తెరవగానే కళ్లు మండటం ఎందుకో ఇప్పుడు అర్థమవుతుంది. రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదని మన దేశం 2016లో నియమం చేసింది. అంతకు ముందు పూసిన ఎనామిల్ తలుపుల్ని ఎండుగా గీకేటప్పుడు ఆ ధూళి పిల్లలున్న గదిలోకి పోకుండా చూసుకోవాలి. ఈ విషయాలు మెరిసే నమూనా పలక మీద రాసి ఉండవు. పని జరిగే చోట దగ్గుతున్న మనిషిని చూసినప్పుడు తెలుస్తాయి.

అభ్యంతరాలు

ఇంత తిరగాలా, వీడియోలు, నమూనాల లైబ్రరీ చాలవా అని అడిగేవాళ్లున్నారు. 1997లో న్యూయార్క్‌లో మొదలైన మెటీరియల్ కనెక్షన్ లాంటి లైబ్రరీలు మంచి పనే చేశాయి. ప్రతి కాలేజీలో నమూనాల అల్మారా ఉండాలి. అయితే అందులో కొత్త ముక్కలతోపాటు ఉబ్బినవి, పగిలినవి, వెలిసినవి, పేరు రాయనివి కూడా ఉండాలి. అవి పర్యటనల నుంచే వస్తాయి.

డబ్బు రెండో అభ్యంతరం. కంపెనీ బస్సు పెట్టి, భోజనం పెట్టి తమ ప్లాంటు చూపిస్తానంటే కాలేజీ సులువుగా ఒప్పుకుంటుంది. అది తప్పని అనను. కానీ భోజనం పెట్టినవాడి సరుకు లోపాలు విద్యార్థి రిపోర్టులో రాయగలగాలి. అందుకే తక్కువ ఖర్చుతో అయ్యే దగ్గరి చోట్లు ముందు రావాలి. పాత ఇంటికి, వడ్రంగి షెడ్డుకు పెద్ద బస్సు అక్కర్లేదు. ఆటోలు చాలు.

భద్రత మూడోది, నిజమైనది. కోత యంత్రం దగ్గర చున్నీ, విరబోసుకున్న జుట్టు, చెప్పులు ప్రమాదం. గట్టి బూట్లు, కళ్లద్దాలు, మాస్కు లేనిదే లోపలికి అడుగు పెట్టకూడదు. పొడి సున్నం నీళ్లలో వేస్తే కుతకుత ఉడికి కళ్లలోకి చిమ్ముతుంది, దాన్ని అనుభవం ఉన్న మేస్త్రీయే చేయాలి. ఇంటీరియర్ చదువుల్లో అమ్మాయిలు ఎందరో ఉన్నారు. చాలా షెడ్డుల్లో వాళ్లకు మరుగుదొడ్డి ఉండదు. ముందే కనుక్కుని ఏర్పాటు చేయకపోతే ఆ రోజంతా వాళ్ల ధ్యాస పాఠం మీద నిలవదు. అరవై మందిని ఒకేసారి తోలితే షెడ్డు యజమాని పని ఆగిపోతుంది, వెనక నిలబడినవాళ్లకు ఏమీ కనిపించదు. ఏడెనిమిది మంది చొప్పున విడదీయడం ఒక్కటే మార్గం.

ఎలా చేస్తే బాగుంటుంది

వెళ్లే ముందు రోజు తరగతిలో దారి, చూడబోయే యంత్రాల ఫొటోలు, కలవబోయే మనుషులు, అడగాల్సిన ప్రశ్నలు తెలియాలి. ప్రతి విద్యార్థీ ఒక చిన్న వస్తువు, ఒక స్టూలో, గోడ అరో, గీసుకుని రావాలి. అక్కడ ఆ డ్రాయింగు మేస్త్రీకి చూపించాలి. ఆయన ఎక్కడ తల అడ్డంగా ఊపితే అక్కడ గుర్తు పెట్టుకోవాలి. తర్వాత తనే ఒక కోత కోయాలి, ఒక అంచు పాలిష్ పట్టాలి, గ్రానైట్ పలకను ఇద్దరు కలిసి నిలువుగా ఎత్తి చూడాలి. పడుకోబెట్టి మోస్తే అది తన బరువుకే విరుగుతుందని భుజానికి తెలియాలి. తిరిగి వచ్చాక రిపోర్టు బదులు అదే డ్రాయింగును మళ్లీ గీయాలి. మొదటిదానికి, రెండోదానికి ఉన్న తేడాకే మార్కులు.

ఇవన్నీ అయ్యాక నగరంలోని రాణీగంజ్, గోషామహల్ బజార్లకు, షోరూమ్‌లకు వెళ్లాలి. అప్పుడు విద్యార్థి టైలును తిరగేసి వెనక నీటి చుక్క వేసి చూస్తుంది. ప్లైవుడ్ అంచు అడుగుతుంది. క్వార్ట్జ్ ఎక్కడ కోస్తారని అడుగుతుంది. అమ్మేవాడి మాట వినే కొనుగోలుదారుగా కాకుండా, తన క్లయింటు తరఫున ప్రశ్నించే మనిషిగా నిలబడుతుంది.

చివరిగా కాలేజీలకు, విశ్వవిద్యాలయాలకు ఒక్క విన్నపం. ఈ పర్యటనల్లో అసలు పాఠం చెప్పేది బీహార్ నుంచో, రాజస్థాన్ నుంచో వచ్చిన కోత మేస్త్రీ, తాండూరు రాయి పరిచే తాపీ మేస్త్రీ, సున్నం గచ్చు పనివాడు. ఆయన పని ఆపి మనకు చెబుతున్నాడు. ఆ గంటలకు ఆయన కూలి పోతుంది. అతిథి ఉపన్యాసకులకు ఇచ్చే పద్దులోంచే ఆయనకూ పారితోషికం ఇవ్వాలి. రిపోర్టులో గురువు పేరు రాసే చోట ఆయన పేరు కూడా ఉండాలి. ఆ పద్దు తెరిచిన కాలేజీ మెటీరియల్ చదువును నిజంగా మొదలుపెట్టినట్టు లెక్క.